జడ్జమ్మ మెట్లు

జడ్జమ్మంటే నాకు ఏనాడూ పడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చెప్పేదాంట్లో ఎంత నమ్మాలో, ఎంత వదిలెయ్యాలో మీరే చూసుకోండి.

మా బిల్డింగులో మెట్లు ఊడ్చే మనిషి ఆమె. నేను కింది అంతస్తులో, మెట్లకు ఎదురుగా ఉన్న గదిలో బట్టలు కుడతాను. పైన నాలుగు అంతస్తులు, పదహారు వాటాలు, డెబ్భై రెండు మెట్లు, లిఫ్టు లేదు. ఆ మెట్లను ఆమె పదిహేడేళ్ళపాటు రోజూ రెండుసార్లు ఊడ్చి, ఒకసారి తడిగుడ్డ పెట్టింది. ఉండటానికి మెట్ల కిందే ఒక గది ఇచ్చారు. అందులో ఒక పక్క నిలబడితే తల తగులుతుంది, ఇంకో పక్క తగలదు. ఆ గదిలో ఆమె, ఆమె అత్త ఉండేవాళ్ళు.

నా మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా ఆ అత్తాకోడళ్ళ తిట్లు వినపడేవి. ముసలమ్మకు ఎనభై దాటాయి, చూపు ఆనదు. గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, అడుగుల చప్పుడును బట్టి ఎవరు ఎక్కుతున్నారో ఎవరు దిగుతున్నారో చెప్పేది. కొడుకు పోయి పదేళ్ళయింది. "వాడు పోతూ పోతూ దీన్ని నా నెత్తిన రుద్ది పోయాడు" అని ముసలమ్మ అనేది. "ఎవర్ని ఎవరి నెత్తిన రుద్దాడో ఈ మెట్లనడుగు" అని కోడలు అనేది. అంటూనే గిన్నె చేతికిచ్చి, తినడం అయ్యేదాకా పక్కనే నిలబడేది.

జడ్జమ్మ అన్న పేరు పిల్లలు పెట్టారు, పెద్దవాళ్ళం ఖాయం చేశాం. మెట్ల మీద కాగితం ముక్కో, సిగరెట్ పీకో, బిస్కెట్ల కవరో కనపడితే అది ఎవరిదో ఆమెకు తెలిసిపోయేది. ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దాన్ని తీసి, ఒక కవరులో వేసి, ఆ ఇంటి తలుపు గడియకు తగిలించి వెళ్ళిపోయేది. తలుపు కొట్టదు, కేకలు పెట్టదు. ఆమె నోరు విప్పితే మనమూ నాలుగు మాటలనవచ్చు. ఏమీ అనని మనిషితో ఎవరు గొడవ పడతారు? అందుకే అందరికీ ఆమెంటే ఒళ్ళు మంట. ఆ మంటతోనే చేతిలో ఉన్న కాగితాన్ని జేబులో కుక్కుకుని మెట్లెక్కేవాళ్ళు.

ఇక్కడికి రాకముందు ఆమె ఒక నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్ళు పనిచేసింది. ఒకసారి చంకలో చిరిగిన జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి, నేను సూది ఎక్కిస్తుంటే ఆ కబురు చెప్పింది.

"గేటు దగ్గర ఉమ్మేసిన మనిషే ఆపరేషన్ గది ముందుకొచ్చాక మింగేస్తాడు. వాడికి ఎవరూ చెప్పలేదు, నేల చెప్పింది అంతే."

"నేల కూడా మాట్లాడుతుందా?" అన్నాను వెటకారంగా.

"మొదటిది పడకుండా చూసుకోవాలి టైలరమ్మా. రెండోదాన్ని ఎవరూ వెయ్యరు. అదే పడుతుంది."

నేను నవ్వి, జాకెట్టు కుట్టి పంపించాను. బుద్ధి అనేది మనిషి తలలో ఉంటుంది కానీ కాళ్ళ కింద ఉండదని అప్పట్లో నా అభిప్రాయం.

నాకూ ఆమెకూ చెడింది మాత్రం వేరే సంగతి మీద. ఒకరోజు ఒక పెద్దింటావిడ పెళ్ళి బట్టలు కొలతకు చూసుకుంటోంది నా గదిలో. మంచి గిరాకీ, ఆమె వెనకాల మరో నలుగురు వస్తారు. అప్పుడు జడ్జమ్మ దోసెడు గుడ్డముక్కలు తెచ్చి నా కత్తిరింపు బల్ల మీద పెట్టి, "నీవి" అని ఒక్క మాట అని పోయింది. పొద్దున గుమ్మం ఊడ్చి బయటికి తోసినవి నేనే. అది కాదు నా బాధ. ఆ ముక్కల్లో ఆ పెద్దింటావిడ గుడ్డలోదే జానెడు ముక్క ఒకటి ఉంది. గుడ్డ సరిగ్గా సరిపోయిందని, పిసరు కూడా మిగల్లేదని నేను ఆవిడతో అప్పుడే అన్నాను. ఆవిడ ఆ ముక్కను రెండు వేళ్ళతో పైకెత్తి చూసి, మళ్ళీ పెట్టేసింది. తర్వాత రానే లేదు. ఆ రోజు నుంచి జడ్జమ్మ కనపడితే నా కడుపు రగిలిపోయేది. తప్పు నాదే అని తెలిసినప్పుడు మంట ఇంకా ఎక్కువగా ఉంటుంది.

ఇంకోటి కూడా దాచను. ఆమె ఉంటున్న గది మీద నా కన్ను పడింది. నా గదిలో మిషన్, ఇస్త్రీ బల్ల, బట్టల మూటలు, వాటి మధ్య మా ఆయన పడుకునే మంచం. ఆ మెట్ల కింద గది ఒక్కటి దొరికితే రెండో మిషన్ వేసుకోవచ్చు. నాలుగేళ్ళుగా నాకు ఇదే ధ్యాస.

అసలు కథ ముసలమ్మ కంటి ఆపరేషన్‌తో మొదలైంది. జడ్జమ్మ ఆమెను తీసుకుని పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. పదిహేడేళ్ళలో ఆమె మెట్లు ఊడ్వని రోజు అదొక్కటే అనుకుంటాను. రెండో అంతస్తు దాటాక మెట్లు తిరిగే చోట ఒక మూల ఉంది. అక్కడి కిటికీ పక్క బిల్డింగు గోడకు తెరుచుకుంటుంది కాబట్టి వెలుతురు తక్కువ. కరెంటు మీటర్ల చెక్క అలమర కూడా అక్కడే. ఆ మూలలో ఎవరో ఒక చెత్త సంచి పెట్టారు. కింద తొట్టిలో వెయ్యడానికి బద్ధకించి, పనిమనిషి ఎలాగూ తీసుకుపోతుందని పెట్టి ఉంటారు. ఆమె తిరిగి వచ్చేసరికి మూడు సంచులయ్యాయి. తీసేసి, కడిగేసింది. మర్నాడు ఒక్కటీ లేదు. అక్కడితో అయిపోవలసింది.

కానీ ఆ మూడు సంచులను మా సెక్రటరీ చూశాడు. ఆయన ఉండేది రెండో అంతస్తులో, బజార్లో కళ్ళజోళ్ళ షాపు ఉంది. అసోసియేషన్‌కు సెక్రటరీ అయినప్పటి నుంచి ఏదో ఒకటి చేసి చూపించాలని తహతహ. తన షాపుకు బోర్డు రాసే పెయింటరుతో ఒక రేకు బోర్డు రాయించి, ఆదివారం పూట ఆ మూలలో మేకు కొట్టి వేలాడదీశాడు. ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటి అరచేయంత ఉంది.

జడ్జమ్మకు చదవడం రాదు. నన్ను పైకి పిలుచుకెళ్ళి అడిగింది.

"ఏం రాశాడు?"

"ఇక్కడ చెత్త వేయరాదు. ఇకముందు కూడా ఇలాగే చెత్త వేసే వారందరిపై కఠినచర్య తీసుకోబడును."

"వారందరిపై అనే రాశాడా?"

"అనే ఉంది."

"ఇక్కడ అందరూ వేస్తున్నారని ఊరికి చాటాడన్నమాట" అని, చీపురు గోడకు ఆనించి, తిన్నగా ఆయన తలుపు కొట్టింది. ఆమె ఒకరి తలుపు కొట్టడం నేను చూడటం అదే మొదలు. కాబట్టి కదలకుండా నిలబడ్డాను.

"సార్, ఆ బోర్డు తీసెయ్యండి."

"ఎందుకు తియ్యాలి?"

"అది ఉంటే వేస్తారు."

"వెయ్యొద్దని కదా రాయించాను."

"వెయ్యొద్దని రాశారంటే వేసే చోటన్నమాటే కదా సార్. మీ హాల్లో గోడ మీద అలా రాసుకున్నారా?"

ఆయన మొహం కందగడ్డ అయింది. "నాకు నేర్పడానికి వచ్చావా? ఊడ్చేదానివి, ఊడ్చుకో" అని తలుపు వేసుకున్నాడు. నేను లోలోపల సంబరపడుతూ మెట్లు దిగాను.

వారం తిరిగేసరికి ఆ మూల మూలగా లేదు. బోర్డు కింద పొద్దున రెండు సంచులు, మధ్యాహ్నం నాలుగు. పగిలిన కుండీ ఒకటి, విరిగిన గొడుగు ఒకటి. జడ్జమ్మ రోజుకు ఐదుసార్లు ఎత్తి పోసేది. అలవాటు ప్రకారం తలుపు గడియలకు తగిలించి చూసింది. ఇదివరకు అలా తగిలిస్తే ఆ ఇంటివాళ్ళు రెండు రోజులు తల దించుకుని తిరిగేవాళ్ళు. ఇప్పుడు గడియ నుంచి తీసి, మళ్ళీ తీసుకెళ్ళి బోర్డు కిందే పెట్టేవాళ్ళు. అందరూ చేసే పనికి ఎవరికి సిగ్గు?

మూడో అంతస్తులో ఒక స్కూలు టీచరమ్మ ఉంది. పిల్లలకు శుభ్రత పాఠం చెప్పే మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆవిడ కూడా సంచి మూతికి పద్ధతిగా ముడి వేసి, దించి పెడుతుంటే నేను ఎదురుపడ్డాను.

"ఇక్కడ పెడుతున్నారేంటండీ?" అన్నాను.

ఆవిడ నావైపు అమాయకంగా చూసి, "ఇక్కడే కదండీ పెడతారు. బోర్డు కూడా ఉందిగా" అంది.

ఆవిడ చదువుకున్న మనిషి. బోర్డులో ఏం రాసి ఉందో రోజూ చదువుతూనే ఉంది.

చెత్త పెరిగిందంటే ఊడ్చేమనిషి పని ఎగ్గొడుతున్నట్టే అని సెక్రటరీ తేల్చేశాడు. ఆ మాట ఆయన నాలుగు ఇళ్ళలో అంటే, ఆ నాలుగు ఇళ్ళూ పదహారు చేశాయి. నేనూ ఒక చెయ్యి వేశాను. "ఈ మధ్య మధ్యాహ్నాలు గది తలుపు వేసుకుని కూర్చుంటోంది" అన్నాను. రోజూ రెండు గంటలకు తలుపు వేసుకుని అత్తకు స్నానం చేయిస్తుందని నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

మూడో వారంలో జడ్జమ్మ కత్తిపీటతో ఆ బోర్డు తాడు కోసేసి, బోర్డును తీసుకెళ్ళి సెక్రటరీ తలుపు గడియకే తగిలించింది.

ఆ సాయంత్రం కింద స్కూటర్లు పెట్టే చోట మీటింగు పెట్టారు. ఆయన ఒంటికాలి మీద లేచాడు. మిగతావాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? పదిహేడేళ్ళ కక్షలన్నీ ఆ రోజే బయటికొచ్చాయి. ఒకాయన తన మామగారు వచ్చిన రోజున తలుపుకు సిగరెట్ పీక కట్టిందన్నాడు. ఇంకొకావిడ, తన తల వెంట్రుకలు కాగితంలో చుట్టి పంపిందని చెబుతూ ఏడ్చింది. నేను జానెడు ముక్క సంగతి చెప్పలేను కాబట్టి, "నా గిరాకీ చెడగొట్టింది" అని ఊరుకున్నాను. ముసలమ్మ నల్లకళ్ళద్దాలతో స్టూలు మీద కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పుతోంది. నా గొంతు వినపడగానే, "ఈ మిషనుదానికేమైంది, దీని చెత్త కూడా మేమే మోశాం కదా" అంది. కోడలు "నువ్వు నోర్ముయ్" అని అరిచింది. ఆ గొడవలో ఆమె పెట్టిన అరుపు అదొక్కటే.

అందరూ అలిసిపోయాక జడ్జమ్మ అంది. "బోర్డు లేకుండా నాకు ఎనిమిది రోజులివ్వండి. ఎనిమిది రోజుల్లో అక్కడ ఒక్క సంచి పడినా గది ఖాళీ చేసి పోతాను. పడకపోతే ఆ బోర్డు మళ్ళీ పెట్టొద్దు."

సెక్రటరీ వెంటనే ఒప్పుకున్నాడు. రెండు రోజులు కూడా గడవదని ఆయన నమ్మకం. మాట అందరి ముందూ అయింది. బోర్డును మీటర్ల అలమరలో గోడవైపు తిప్పి పెట్టించారు. మీటింగు అయ్యాక నేను ఆయన వెనకే రెండో అంతస్తు దాకా వెళ్ళి గది సంగతి కదిపాను. "ఖాళీ అయితే నీకే" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె ఆ మూలను పట్టుకుంది. గోడ గీకి, మిగిలిన సున్నంతో తనే వెల్ల వేసింది. కిటికీ అద్దం సోడాతో కడిగింది. ఆ గచ్చు మీద మురికి అడుగున నల్లచుక్కలు ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. గంటకోసారి పైకెక్కి, ఏమీ లేకపోయినా గుడ్డ పెట్టి తుడిచి వచ్చేది. మొదటి రోజు ఒక సంచి వచ్చిందా, ఎవరూ చూడకముందే మాయం చేసిందా అన్నది నేను చెప్పలేను. రెండో రోజు నుంచి మాత్రం ఏమీ రాలేదు. మూడో రోజు టీచరమ్మ చెత్త సంచి పట్టుకుని డెబ్భై రెండు మెట్లలో తన వాటా మెట్లన్నీ దిగి, నా ముందు నుంచే వీధి తొట్టి దాకా వెళ్ళింది. నాలుగు, ఐదు, ఆరు. రోజూ పొద్దున లేవగానే నేను ఆ మూల చూసి వచ్చేదాన్ని. రోజు రోజుకూ నా రెండో మిషన్ నాకు దూరమైపోయేది.

ఏడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు మెట్ల కింద గది తలుపు పడింది. లోపల చెంబు చప్పుడు, ముసలమ్మ తిట్లు వినపడ్డాయి. నేను మిషన్ ఆపి, ఒక సంచి తీసుకుని పైకి వెళ్ళాను. అందులో ఉల్లిపొట్టు, టీ పిప్పి తప్ప ఏమీ పెట్టలేదు. గుడ్డముక్క ఒక్కటి ఉన్నా దొరికిపోతానని నాకు తెలుసు, అంత తెలివిగా వెళ్ళాను.

అక్కడ నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు, ఏ తలుపూ తీసి లేదు. చెయ్యి దించి సంచి వదిలేస్తే చాలు. నా చెయ్యి దిగలేదు. ఫినాయిల్ వాసన, ఇంకా సగం తడిగా ఉన్న గచ్చు, తెల్లటి గోడ. కొత్త బట్టను ఇస్త్రీ పెట్టెతో కాల్చబోతున్నట్టు అనిపించింది. పైన ఏదో పని ఉన్నట్టు డాబా దాకా ఎక్కి, దిగి వచ్చాను. మళ్ళీ అక్కడే ఆగాను. మళ్ళీ కుదరలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ ఊడ్చే మనిషి ఎదుట లేకుండానే నన్ను నిలబెట్టేసింది.

అప్పుడు మీటర్ల అలమర కనపడింది. తలుపు తీసి బోర్డు బయటికి లాగాను. తాడు తెగి ఉంది. టైలరు చీర కొంగున సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి కదా, మైనం పట్టించిన బొత్తాల దారం నాలుగు పేటలు వేసి బోర్డు చిల్లులకు కట్టి, మేకుకు తగిలించాను. ఆ పనికి నా చెయ్యి ఏమాత్రం అడ్డుపడలేదు. నేను చెత్త వెయ్యలేదు కదా. సంచి పట్టుకుని కిందికి దిగి, వీధి తొట్టిలో వేసి, వచ్చి మిషన్ మీద కూర్చున్నాను.

అరగంట కుట్టానో లేదో, పైనుంచి సెక్రటరీ గొంతు వినపడింది. మధ్యాహ్నం నిద్ర లేచి బయటికొచ్చి చూశాడట. బోర్డు కింద మూడు సంచులున్నాయి. ఒకదాని మూతి పద్ధతిగా ముడి వేసి ఉంది.

అందరూ పోగయ్యారు. జడ్జమ్మ తడి చేతులతోనే వచ్చింది. నాలుగో అంతస్తులో కొత్తగా కాపురం పెట్టిన కుర్రాడు, "బోర్డు ఎవరు పెట్టారు?" అని అడిగాడు. "ఎవరు పెడితే ఏం, చెత్త ఉందా లేదా?" అన్నాడు సెక్రటరీ. ఉంది. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

జడ్జమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళి, దారాన్ని వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత సంచులు మూడూ ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో రెయిలింగు పట్టుకుని దిగిపోయింది. ఆమె నావైపు చూడలేదు.

ఆ తర్వాత నాలుగో రోజున తోపుడుబండి తెచ్చి సామాను సర్దింది. సామాను పైన ముసలమ్మను కూర్చోబెట్టింది. "నీ వెనకాల పడి తిరగడానికే ఈ కళ్ళు బాగు చేయించావా?" అని ముసలమ్మ తిడుతూనే ఉంది, బండి వీధి మలుపు తిరిగేదాకా వినపడింది. పదహారు వాటాల్లో ఒక్కరు కూడా కిందికి రాలేదు. నేను గుమ్మంలో కాజాలు కుడుతూ ఉండిపోయాను.

గది నాకు వచ్చింది. రెండో మిషన్ వేశాను. నెల రోజులు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత బిల్డింగు నా కళ్ళ ముందే పాడైపోయింది. కొత్తగా కుదిరిన మనిషి వారానికి మూడు రోజులు వచ్చేది, తర్వాత అదీ మానేసింది. మూలలో మొదలైన చెత్త మెట్టు మెట్టూ దిగింది. గోడల మీద ఉమ్ములు, గీతలు. కిటికీ అద్దం ఎవరో పగలగొట్టారు. మెట్ల లైటు బల్బు ఎవరో విప్పుకుపోయారు, కొత్తది వేస్తే అదీ విప్పుకుపోయారు. సెక్రటరీ తన ఫ్రిజ్ అట్టపెట్టెను రెయిలింగుకు ఆనించి పెట్టాడు, అది చూసి ఎదురింటాయన పాత పరుపు తెచ్చి పెట్టాడు. దాని మీద ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. నేను గుడ్డముక్కలను దాచుకోవడం ఎప్పుడో మానేశాను. దారపు పోగులు, ముక్కలు, టీ పిప్పి అన్నీ గుమ్మం దాటించి తోసేదాన్ని. వంద రకాల చెత్తలో నాది ఎవరు పట్టుకుంటారు?

ఎలుకలు వచ్చాయి. ఒక పెళ్ళి బట్టల మూటలో మూడు చోట్ల కొరికాయి. ఆ పెళ్ళివాళ్ళు నన్ను నా గుమ్మంలోనే నిలబెట్టి అన్న మాటలు నేను ఇక్కడ రాయను.

అప్పుడు సెక్రటరీ ఒకరోజు నా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. మెట్ల మీద ముక్కు మూసుకుని వచ్చాడు, చెయ్యి ఇంకా తియ్యలేదు. "ఆమెను పిలిపిద్దాం. నువ్వైతే ఆడదానివి, నీ మాట వింటుంది. గది మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి మరి" అన్నాడు. ఎలుకల గదిని పట్టుకుని నేనేం చేసుకుంటాను? ఆ రోజే మిషన్ బయటికి జరిపించాను. నిజం చెప్పాలంటే, ఎలుకలు రాకముందు అడిగితే ఇచ్చేదాన్ని కాదు.

ఊరి చివర చెత్త వేరుచేసే యార్డులో పనిచేస్తోందని ఎవరో చెబితే వెళ్ళాను. ఆటో అంత దూరాన ఉండగానే వాసన తగిలింది. లారీలు తెచ్చి పోసిన గుట్టలు, వాటి మధ్య తలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. ఒకరు కాగితాలు ఏరుతున్నారు, ఒకరు సీసాలు ఏరుతున్నారు. భోజనాల వేళ కాబట్టి ఎక్కడివాళ్ళక్కడ కూలబడి తింటున్నారు. జడ్జమ్మ ఒక బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని ఉంది. అరచేయంత ఎత్తున మురికి పట్టిన బూట్లు. నన్ను గుర్తుపట్టి కొంచెం జరిగి చోటిచ్చింది.

"ముసలమ్మ ఎలా ఉంది?" అన్నాను.

"పోయింది. మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళిన ఇరవయ్యో రోజున. ఆ ఇంటికి మెట్లు లేవు, మనుషుల రాకపోకలు లేవు. ఎవరెక్కారు, ఎవరు దిగారు అని రోజంతా అడిగేది. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని."

తిన్నగా చెప్పేశాను. "బోర్డు కట్టింది నేనే."

"తెలుసు. బొత్తాల దారం, మైనం వేలికి అంటుకుంది."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను నాలుగు తిట్టేవాళ్ళు. చెత్త వేసింది నువ్వు కాదుగా. అరగంటలో మూడు ఇళ్ళవాళ్ళు వేశారు. ఏడు రోజులు ఊరుకున్నవాళ్ళే. వాళ్ళను చూశాక నాకే విసుగొచ్చింది."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టించుకుందామనే సగం దూరం వచ్చాను. సిగ్గుతో నేల చూస్తూ, సెక్రటరీ చెప్పినదంతా చెప్పాను. గది ఖాళీ చేశానని, బోర్డును ఆయనే పీకి పారేశాడని, అందరూ రమ్మంటున్నారని. వద్దంటుందనుకున్నాను. ఆమె మోకాలు రాసుకుంటూ, "వస్తాను. ఒకటో తారీఖు నుంచి వస్తాను. ఇక్కడ మోకాళ్ళు పోతున్నాయి" అంది.

నాకు ఎంత తేలికైందో. ఆ మెట్లు మళ్ళీ కడిగినట్టు, ఆ గోడ మళ్ళీ వెల్ల వేసినట్టు కళ్ళకు కట్టింది. నేను చేసిన పాపం సగం తీరిపోయిందనే అనుకున్నాను.

ఆమె ఒళ్ళో ఉన్న అరటిపండు వొలిచి, నాకు సగం ఇచ్చి, తను సగం తింది. తింటూ అటు లారీ వైపు చూస్తూ, తొక్కను పక్కకు విసిరేసింది. చెయ్యి వెళ్ళిన వైపు చూడను కూడా చూడలేదు.

"జడ్జమ్మా" అన్నాను. "ఆ తొక్క."

"ఏ తొక్క?"

ఆమె వంగి నేల వైపు వెతికింది. నేనూ వెతికాను. అక్కడ తొక్కలు చాలా ఉన్నాయి, వాటిలో ఆమెది ఏదో ఇద్దరికీ తెలియలేదు.